కర్నూలు నుంచి కడపకు రెండు కెమెరాలతో

మా అబ్బాయి తన తొలి జీతానికి మరికొంత చేర్చుకొని కొత్త కెమెరా కొనుక్కున్నాడు. నికాన్ జడ్ 50. లోపల అద్దం లేని రకం గనుక దానిని మిర్రర్‌లెస్ అంటున్నారు. అది ఇంటికి వచ్చిన వారంలోనే మా పాత డి90ను ఎవరికైనా అమ్మివేద్దామని ప్రస్తావన తెచ్చాడు. ఆ పాతది 2009 వేసవిలో మేము కొన్నది. పిల్లల బాల్యమంతా దానిలోనే ఉన్నది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోయి, అంటించిన గుర్తులు కనిపిస్తున్నాయి. అయినా పనిచేస్తున్నది.

అప్పటికే కడపలో మా మేనకోడలి నికాహ్ తేదీ దగ్గరపడింది. హైదరాబాదు నుంచి బయలుదేరి కర్నూలులో మా పెద్దమ్మను చూసి, బేలం గుహలు, గండికోట మీదుగా కడప చేరాలని ముందే అనుకొని ఉన్నాము. “రెండింటినీ తీసుకొని పోదాము. అమ్మకం సంగతి తిరిగి వచ్చాక ఆలోచిద్దాము” అన్నాము. ఈ మాట మీద తండ్రీ కొడుకులకు రాజీ కుదిరింది.

కెమెరాల గురించి తెలియని పాఠకుల కొరకు రెండు మాటలు. పాత రకాన్ని డీఎస్సెల్లార్ అంటారు. లెన్సు గుండా వచ్చిన వెలుగును లోపల ఏటవాలుగా నిలిపిన ఒక అద్దం పైకి మళ్ళిస్తుంది. పైనున్న గాజు దిమ్మె ఆ వెలుగును మన కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం లేచి తప్పుకుంటుంది, షట్టరు తెరుచుకుంటుంది, వెలుగు వెనుకనున్న సెన్సారు మీద పడుతుంది. మరుక్షణం అద్దం తిరిగి దిగుతుంది. మనకు వినిపించే ‘టక్’ అనే చప్పుడు చాలావరకు ఈ అద్దానిదే. కొత్త రకంలో అద్దం లేదు. వెలుగు తిన్నగా సెన్సారు మీద పడుతుంది, సెన్సారు చూసినదాన్ని మనము ఒక చిన్న తెర మీద చూస్తాము. డి90 విడుదలైనది 2008 ఆగస్టులో. లెన్సులు మార్చుకోగల మైక్రో ఫోర్ థర్డ్స్ రకపు తొలి మిర్రర్‌లెస్‌ను పానాసోనిక్ సంస్థ ప్రకటించినది ఆ మరుసటి నెలలోనే. అంటే మేము డి90ను మురిసిపోతూ కొనే నాటికే దాని తరువాతి తరం పుట్టి ఉన్నది!

కర్నూలులో హంద్రీ ఒడ్డునున్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి దగ్గరకు ఉదయాన్నే వెళ్ళాము. ఊరివారు దానిని గోల్ గుమ్మజ్ అంటారు. 17వ శతాబ్దపు కట్టడం. పైన గుమ్మటాలు, కింద కమానుల వసారా. కమాను కింద నిలబడి బయటికి చూస్తే బయట కళ్ళు చెదిరే ఎండ, లోపల చీకటి. ఇటువంటి చోట డి90తో తీస్తే కమాను నల్లని బొమ్మగానైనా వస్తుంది, లేదా బయటి ఆకాశం తెల్లగా కాలిపోతుంది. ఎంత వెలుగు ఇవ్వాలన్నది అనుభవంతో ఊహించాలి, తీశాక వెనుక తెరలో చూసి సవరించుకోవాలి. కొత్త కెమెరాలో ఆ ఊహకు పని లేదు. రాబోయే చిత్రం మీట నొక్కక ముందే తెరలో కనిపిస్తుంది. మా అబ్బాయి మూడు క్షణాలలో ముగించిన పనికి మాకు ఏడు ప్రయత్నాలు పట్టాయి. ఓటమిని అక్కడే ఒప్పుకున్నాము. బరువులోనూ అంతే. బ్యాటరీతో కలిపి పాతది సుమారు 700 గ్రాములు, కొత్తది 450.

పెద్దమ్మ ఇల్లు పాతబస్తీలో ఉన్నది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి పాత కర్నూలును ముంచివేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు ఆమె పక్కింటివారి మిద్దె మీద రెండు రాత్రులు గడిపింది. ఇప్పుడు ఎనభై దాటాయి. ఆధార్ కార్డుకు, పింఛనుకు తప్ప జీవితంలో ఎన్నడూ ఫోటో తీయించుకోలేదు. ఫోటోల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయని మేము ఎన్నోసార్లు చెప్పి చూశాము. “వాళ్ళ మాట వాళ్ళది. నాకు ఇష్టం లేదు నాయనా” అనేది. అంతటితో ఆ మాట ముగిసేది. ఆ రోజు ఆమె గుమ్మం దగ్గర కూర్చొని చేటలో జొన్నలు చెరుగుతూ మాతో ముచ్చటించింది. మా అబ్బాయి ఎదురుగా కెమెరాను ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. మేము భోంచేసి, జుహర్ నమాజు చేసుకొని బయలుదేరాము.

బనగానపల్లె దాటి కొలిమిగుండ్ల వైపు సాగితే దారి పొడవునా నాపరాయి గనులు, బండలు కోసే యంత్రాలు. చెట్ల ఆకుల మీద సైతం తెల్లని రాతి పొడి పేరుకొని ఉంటుంది. ఈ పొడి కెమెరాలకు బద్ధశత్రువు. ఆ సంగతి అప్పుడు మేము పట్టించుకోలేదు.

బేలం గుహల పొడవు 3,229 మీటర్లు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికంటా కొలిచింది. పర్యాటక శాఖ దీపాలు, మెట్లు అమర్చి 2002లో తెరిచింది. లోపల ఉక్కపోత, మసక వెలుగు. ఇక్కడ కొత్త కెమెరా గెలుస్తుందని అందరమూ అనుకున్నాము. కాగితం మీద చూస్తే గెలవాలి కూడా. వెలుగును గ్రహించే శక్తిని ఐఎస్ఓ అంకెతో చెబుతారు. పాతదాని మామూలు హద్దు 3,200 కాగా కొత్తదానిది 51,200. కాని జరిగినది వేరు. కొత్తదానికి వెంట వచ్చిన లెన్సు 16–50 మిల్లీమీటర్లది. దానిని 50కి తీసుకువెళితే వెలుగుకు తెరిచే ద్వారం 6.3కు కుదించుకుపోతుంది. మా పాతదానికి ఉన్నది 50 మిల్లీమీటర్ల, 1.8 ద్వారం గల చిన్న లెన్సు. లెక్క కడితే ఇది లోనికి పంపే వెలుగు పన్నెండు రెట్లు ఎక్కువ! పదునేడు వసంతాల కిందటి ఆలోచనతో చేసిన పెట్టె, రాతి ముడతలను గరుకు తక్కువగా, నిండుగా పట్టింది. కెమెరా మార్చాలనుకునే కుటుంబాలవారికి మేము చెప్పగలిగినది ఇదే: డబ్బు కొద్దిగానే ఉన్నప్పుడు ముందు మంచి లెన్సు కొనండి.

మా అబ్బాయి వెంటనే ఆ పాత లెన్సును ఎడాప్టరు ద్వారా తన కెమెరాకు తగిలించాడు. తగిలింది కాని దానంతట అది ఫోకస్ కాలేదు. ఆ పాత డి రకం లెన్సులలో మోటారు ఉండదు, కెమెరాలోని మోటారే వాటిని తిప్పాలి. డి90లో అది ఉన్నది, కొత్తదానిలోనూ ఎడాప్టరులోనూ లేదు. చేతితో తిప్పుకోవలసి వచ్చింది.

ఆ గుహలో ఒకచోట పైకప్పు రంధ్రం గుండా పగటి వెలుగు దిగుతున్నది. అక్కడ మాకు ఇబ్న్ అల్ హైసమ్ గుర్తుకు వచ్చారు. బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఈ విద్వాంసుడు వెయ్యేళ్ళ కిందట, చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగును పరీక్షించి, దృష్టి శాస్త్రంపై ‘కితాబుల్ మనాజిర్’ రచించారు. కెమెరా అంటే లాటిన్ భాషలో గది అనే అర్థం. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవారు గదిని ‘కమ్రా’ అంటారు కదా, అది పోర్చుగీసుల ద్వారా వచ్చిన అదే మాట. మా అబ్బాయి చేతిలోని పెట్టె, పెద్దమ్మ జొన్నలు చెరిగిన గది, మాట వరుసకు ఒకే ఇంటి పిల్లలు.

గండికోట చేరేసరికి సాయంకాలమైంది. పెన్నా నది ఎర్రని కొండలను కోసుకుంటూ పారే ఆ లోయను ఎవరూ ఒక్క చిత్రంలో ఇమిడ్చలేరు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో ఈ కోటను గెలిచాడు. వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికే వచ్చి అతనిని కలిశాడు. కోటలోని జామియా మస్జిదు మినార్లు, పక్కనే పెద్ద ధాన్యాగారం, కొంచెం దూరంలో మాధవరాయ ఆలయ గోపురం — ఒకే చూపులో అన్నీ కనిపిస్తాయి. గాలి ఈడ్చి కొడుతున్నది. ఆ గాలిలోనే మేము రెండు కెమెరాల లెన్సులూ మార్చాము. తప్పు మాదే. లెన్సు తీసినప్పుడు పాతదాని సెన్సారు ముందు అద్దము, షట్టరు అడ్డుగా ఉంటాయి. కొత్తదానిలో సెన్సారు బోర్లించని పళ్ళెము వలె బయటికి తెరుచుకొని ఉంటుంది. పైగా సెన్సారును వణికించి దుమ్ము దులిపే ఏర్పాటు డి90లో ఉన్నది, ఈ కొత్తదానిలో లేదు. ఎండలో రోజంతా తెర వెలుగుతూ ఉండడం వల్ల కొత్తదాని బ్యాటరీ అప్పటికే రెండవది నడుస్తున్నది. తయారీదారు లెక్కలోనే దానికి సుమారు 300 చిత్రాలు, పాతదానికి 850.

రాత్రి బసలో, ఆకాశంలో మచ్చలు పడ్డాయేమోనని కొత్త కెమెరా చిత్రాలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి చూస్తున్నాము. మచ్చలు పడ్డాయి, నాలుగు. వెనక్కి జరుపుతూ పోతుండగా పెద్దమ్మ కనిపించింది.

గుమ్మం వెలుగు ఒక చెంప మీద పడుతున్నది. చేట నుంచి లేచిన పొట్టు గాలిలో నిలిచి ఉన్నది. ఆమె ఏదో చెబుతూ నవ్వుతున్నది. కంటి రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. ఈ కెమెరా మనిషి కన్నును తానే వెతికి పట్టుకుంటుంది. వంచిన తెరను వేలితో తాకితే చాలు, చప్పుడు లేకుండా చిత్రం తీస్తుంది. మా అబ్బాయి ఒడిలో నుంచే తీశాడు. ప్రయాణం మొత్తంలో తీసిన వందల చిత్రాలలో అంత మంచిది మరొకటి లేదు. అది చూసి మా ఇంటావిడ కళ్ళు తుడుచుకున్నది.

“ఎవరికీ పంపను. రేపు అవ్వ లేనప్పుడు మనకు ఇదొక్కటే ఉంటుంది” అన్నాడు అబ్బాయి. మా ఇంటావిడ కూడా అతని పక్షమే. మేము మాత్రం ఒప్పుకోలేకపోయాము. ఇతరుల ఇంట అనుమతి కోరి, సలాం చేసి ప్రవేశించాలని సూరె నూర్ మనకు నేర్పుతున్నది. గడపకే అంత మర్యాద ఉన్నప్పుడు ముఖానికి లేదా? డి90తో అయితే మొదటి టక్‌కే ఆమె తల తిప్పి, కొంగు లాక్కొని, చీవాట్లు పెట్టి ఉండేది. మేము ఇన్నేళ్ళూ విసుక్కున్న ఆ చప్పుడు ఎదుటివారికి ఒక కబురు అని ఆ రాత్రి తోచింది. అయితే న్యాయంగా చెప్పాలి. కొత్త కెమెరా పుట్టు మూగది కాదు. మామూలు షట్టరుతో అదీ చప్పుడు చేస్తుంది. నిశ్శబ్దాన్ని ఎంచుకున్నది మా అబ్బాయే. ఆ రాత్రి ఏమీ తేల్చుకోకుండానే పడుకున్నాము.

కడపలో నికాహ్ మస్జిదులో జరిగింది. ఖుత్బా చదువుతున్నంతసేపూ నిశ్శబ్దపు షట్టరు ఎంతో ఉపకరించింది, ఎవరి ధ్యాసా చెదరలేదు. కాని ఇంటికి వచ్చి చూస్తే కొన్ని చిత్రాలలో అడ్డంగా నీడ చారలు. ఇటువంటి షట్టరు చిత్రాన్ని వరుస వరుసగా చదువుతుంది. ఆలోపే కొన్ని రకాల విద్యుద్దీపాలు మన కంటికి తెలియకుండా మిణుకుమంటాయి. ఆ తేడాయే చారలు. మిగతావి మామూలు షట్టరుతో తీసినవి గనుక బ్రతికిపోయాము. ఆడవారి వైపు మా అమ్మాయి డి90 పట్టుకొని వెళ్ళింది. పెళ్ళికూతురి తల్లి పెట్టిన షరతు అది: “చప్పుడయ్యేదే తీసుకురా. వద్దనుకున్నవాళ్ళు పక్కకు జరుగుతారు.” ఈ మాట ఆమెకు మేము చెప్పినది కాదు.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ కర్నూలులో ఆగాము. దారి పొడవునా అబ్బాయి ఎక్కువ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళగానే పెద్దమ్మ ముందు కూర్చొని, “అవ్వా, నీకు తెలియకుండా ఒకటి తీసినాను” అని కెమెరా తెర చూపించాడు. ఆమె కళ్ళజోడు తెప్పించుకొని చాలాసేపు చూసింది.

“ఇంత ముసలిదాన్నయినానా నేను?” అన్నది. కొంచెం ఆగి, “పొట్టు బాగా పడింది. తీసెయ్యి నాయనా” అన్నది.

తీసివేశాడు. ల్యాప్‌టాప్‌లో కూడా ఉన్నదని తానే చెప్పి, దానినీ ఆమె ఎదుటనే తీసివేశాడు. మా ఇంటావిడ లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. పెద్దమ్మ అతని తల నిమిరి, గోడ వైపు చూపించింది. మనిషి ఎత్తుకు పైన మట్టిరంగు గీత ఒకటి సున్నం లోపల నుంచి లీలగా కనిపిస్తున్నది.

“ఆ యేడు నీళ్ళు ఆడి దాకా వచ్చినాయి. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతానే ఉంటుంది. వచ్చే నెల ఈ గోడ పడగొట్టి కొత్తది కడతారంట. దాన్ని పట్టు.”

అబ్బాయి తన కెమెరా ఎత్తాడు.

“అది కాదు. మీ నాయనది, టక్కుమనేది.”

డి90 తీసి ఇచ్చాము. గోడకు ఎదురుగా నిలబడి, గీతను సరిచూసుకొని నొక్కాడు. ఆ చిన్న గదిలో చప్పుడు గట్టిగానే వినిపించింది.

“పడిందా?”

“పడింది అవ్వా.”

“ఇంకొకటి పట్టు, వంకర పోయిందేమో.”