ఇరవై ఆరు వేల నిగనిగ

బతుకమ్మ పేరుస్తున్నాను. నాలుగో రోజో అయిదో రోజో గుర్తు లేదు. తాంబాలంలో తంగేడు పూలు ఒక వరుస పెట్టానో లేదో, మావారు కామారెడ్డి నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా సంచిలోంచి కాగితాలు తీసి నా ముందు పెట్టారు. కారు బుక్ చేసి వచ్చారు. దసరాకు ఇంటికొస్తుందట.

కారు కొనాలని అనుకోవడం మా ఇంట్లో ఏడేళ్ల నాటి ముచ్చట. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆటో ఎక్కలేదు. పిల్లాడు ఇంటర్‌కు వచ్చాడు. రామారెడ్డి నుంచి కామారెడ్డికి రోజూ బండి మీద పోయి వస్తూ ఈయనకు నడుము పట్టేసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గిందని తెలిశాక ఇంక ఆగలేదు. ముందు కట్టే డబ్బులో లక్ష రూపాయలు నావి. ఇరవై నెలలు నెలకు అయిదు వేల చొప్పున కట్టిన చీటీ. అందుకే ఆ కాగితాలు చదివే హక్కు నాకుందని అనుకుని, పూల చేతులు కొంగుకు తుడుచుకుని చదివాను.

కారు ధర, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, కింద ఫ్లోర్ మ్యాట్లు. దాని కింద ఇంకో గీత: సిరామిక్ కోటింగ్, 26,000.

"ఇదేంది?"

"రంగు మీద గాజు పొర లాంటిది. అయిదేళ్లు కొత్త కారు లెక్కనే మెరుస్తదట. గీతలు పడవట. జీఎస్టీల మనకు ఎట్లాగో మిగిలింది కదా, దాంట్లకెల్లి ఇది పోతదని చెప్పిండు ఆ పిల్లగాడు."

మిగిలిన డబ్బును మన చేతిలోకి రాకముందే మళ్లీ వాళ్ల గల్లాలోకి పంపించే ఆ పిల్లగాడి తెలివికి దండం పెట్టాలి. నేను అప్పటికి ఏమీ అనలేదు. పండుగ పూట ఎందుకులే అని. రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ కాగితాలు తీశాను. ఇన్సూరెన్స్ దగ్గర ఒక గీత పెన్నుతో కొట్టేసి ఉంది. ఇంజన్ ప్రొటెక్షన్, 1,900. పక్కన "వద్దు" అని మావారి చేతిరాత.

ఆ మాట చూసేసరికి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే నెల వెనక్కి పోవాలి.

ఆగస్టు 27, వినాయక చవితి. మా జిల్లా వాళ్లెవరూ ఆ రోజును మర్చిపోరు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైవే తెగింది. కామారెడ్డిలో జీఆర్ కాలనీలో కార్లు కాగితం పడవల్లా నీళ్లలో తేలుకుంటూ పోవడం టీవీలో మీరూ చూసే ఉంటారు. మా అక్కవాళ్లది అక్కడికి కొంచెం దూరం. వాళ్ల కారు కొట్టుకుపోలేదు, కాని సీట్ల దాకా మునిగింది. రెండు రోజులకు నీళ్లు దిగాయి. బావ కారు తుడిచి, తలుపులు తెరిచి ఎండకు పెట్టి, దేవుడా అనుకుని కీ తిప్పాడు. అంతే. టక్ మని ఒక చప్పుడు.

ఇంజన్ సిలిండర్లోకి నీళ్లు పోతే పిస్టన్‌కు దారి ఉండదు. గాలిని నొక్కినట్టు నీళ్లను నొక్కలేం. బలవంతంగా తిప్పితే లోపలి రాడ్డు వంగిపోతుంది. ఇది మెకానిక్ చెప్పాక మాకు తెలిసింది. లక్షా నలభై వేలు అడిగారు. మామూలు ఇన్సూరెన్స్ అయితే ఉంది, కాని నీళ్లతో ఇంజన్ పాడైతే ఇచ్చే ఆ అదనపు కవర్ లేదు. మునిగాక కీ తిప్పారు కాబట్టి ఇంజన్ ఖర్చు మాది కాదని కంపెనీ చేతులెత్తేసింది. అక్క గాజులు బ్యాంకుకు పోయాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఇదంతా చూసిన మనిషి, బావ పక్కన నిలబడి నెత్తి పట్టుకున్న మనిషి, 1,900 కొట్టేసి 26,000కు సంతకం పెట్టి వచ్చారు.

పొద్దున అడిగాను. గొడవే అయింది. "మన రామారెడ్డిల ఎక్కడ మునుగుతది కారు?" అన్నారు. "బావ కూడ అట్లనే అనుకున్నడు" అన్నాను. "నీకు కార్ల సంగతి ఏం తెలుసు?" అన్నారు. ఆ మాటకు నేను మాట్లాడడం మానేశాను. పిల్లాడు మాత్రం ఫోన్లో వీడియోలు చూపించి నాన్న వైపు చేరాడు. బానెట్ మీద నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లిపోతున్నాయి. చూడ్డానికి నిజంగా బాగుంది. కాదనను.

మధ్యాహ్నం దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. మా వైపు ప్రతి వాడకట్టులో ఒకరన్నా గల్ఫ్‌లో ఉంటారు. మా తమ్ముడు పోయి తొమ్మిదేళ్లు. మొదటి నాలుగేళ్లు అపార్టుమెంట్ల కింద తెల్లవారుజామున కార్లు కడిగాడు, బకెట్టు, గుడ్డ పట్టుకుని. ఇప్పుడు ఇట్లాంటి కోటింగులు వేసే షాపులోనే పని. ఇంత దగ్గర మనిషిని పెట్టుకుని మేమెవ్వరం అడగలేదు చూడండి.

"గీతలు పడవని ఎవడన్న చెప్తే అది అబద్ధం అక్కా" అన్నాడు మొదటి మాటే. "కడుగుడు అల్కగ అయితది. మెరుపు ఉంటది. గంతే."

తర్వాత వాడు అరగంట చెప్పాడు. నాకు అర్థమైనంత రాస్తాను. కారు రేకు మీద కంపెనీ వాళ్లే తుప్పు పట్టకుండా ఒక పొర, ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర వేసి పంపుతారు. అన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందం. ఎండకు రంగు వెలవకుండా కాపాడే పని ఆ క్లియర్ కోట్‌దే. అది మనం డబ్బు కట్టి కొన్న కారులోనే వస్తుంది. దాని మీద వేసే ఈ సిరామిక్ అనేది సిలికా కలిసిన ద్రవం. ఆరాక గట్టిపడుతుంది, మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. నీళ్లు, బురద దాని మీద తొందరగా నిలవవు. పిట్ట రెట్ట పడితే వెంటనే తినేయకుండా కొంచెం టైమిస్తుంది. అయినా మనం పోయి తుడవాల్సిందే.

"మరి వాళ్ల కాగితం మీద 9హెచ్ గట్టిదనం అని ఉంది?"

"అది పెన్సిల్ లెక్క అక్కా. పిల్లలు రాసే హెచ్‌బీ ఉంటది కదా, గట్ల 9హెచ్ అంటే బాగ గట్టి పెన్సిల్. గా పెన్సిల్‌తోటి గీస్తే గీత పడదని. మన రోడ్డు మీది దుమ్ముల ఇసుక ఉంటది. ఇసుక పెన్సిల్ కన్న గట్టిది. ఆ దుమ్ము మీద పొడి గుడ్డ పెట్టి రుద్దితే కోటింగ్ ఉన్నా గీతే, లేకున్నా గీతే."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే కోటింగ్ మీద కూడా తెల్ల చుక్కలు పడతాయట. ముత్యంలా నిలిచిన నీటిబొట్టు అక్కడే ఆరి, ఉప్పు మిగులుస్తుంది. మా బోరు నీళ్లకు స్టీలు బిందెలే తెల్లబడతాయి. ఇక కారెంత!

నాకు అమ్మమ్మ వాళ్లింట్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించడం గుర్తొచ్చింది. ఏడాదికోసారి కళాయి పోసే అతను వచ్చి వేపచెట్టు కింద కొలిమి పెట్టేవాడు. గిన్నె కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్క తాకించి, గుడ్డతో గిర్రున తిప్పితే లోపలంతా వెండిలా అయ్యేది. అదీ పూతే. కాని దానికి పని ఉంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగి కడుపులోకి పోతుంది. అమ్మమ్మ గిన్నె బయటివైపు ఎప్పుడూ కళాయి పోయించలేదు. బయట చింతపండు, ముగ్గు పెట్టి తోమేది. ఏది దేనికి తగులుతుందో చూసి పూత పోయించడం ఆమెకు తెలుసు.

టెఫ్లాన్ కోటింగ్ అని పదిహేనేళ్ల కింద అందరూ వేయించుకునేవారు. మా మరిది కూడా వేయించాడు. టెఫ్లాన్ మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండేదే. పెనానికి అది అంటుకోవాలంటే 350 డిగ్రీల దాకా కాల్చాలి. కారును అట్లా కాలిస్తే ఏం మిగులుతుంది? పాలిష్‌లో కలిపి రుద్దితే నాలుగు కడుగుళ్లకు పోతుంది, అది మైనం పాలిష్ చేసే పనే అని తమ్ముడన్నాడు.

అన్నీ దండగేనా అంటే వాడు అట్లా అనలేదు. పీపీఎఫ్ అని ఒకటుందట. పూత కాదు, కారుకు తొడిగే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. మందం 150 నుంచి 200 మైక్రాన్లు. వియత్నాం యుద్ధం రోజుల్లో హెలికాప్టర్ రెక్కలకు ఇసుక, రాళ్లు కొట్టకుండా వాడిన దానిలోంచి వచ్చిందట. రాయి ఎగిరి తగిలితే దెబ్బ అది తీసుకుంటుంది. చిన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే మూసుకుంటాయి. కారు మొత్తానికైతే మా చీటీ లాంటివి ఒకటి కాదు, రెండు కావాలి. రోజూ హైవే మీద లారీల వెనక తిరిగేవాళ్లు, నల్ల కారు వాళ్లు ముందు బంపర్‌కు, బానెట్‌కు వేయించుకుంటే అర్థముందన్నాడు. మాది తెల్ల కారు, సన్న గీతలు కనపడవు. సముద్రం గాలి లేదు, విశాఖపట్నం కాదు తుప్పు భయానికి. మా దారిలో ఉండేది దుమ్ము, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ట్రాక్టర్ బురద.

"బావకు నేను చెప్పనా అక్కా?" అన్నాడు చివర.

వద్దన్నాను. వాడు చెబితే మావారు వింటారు, నాకు తెలుసు. కాని బామ్మర్ది ముందు చిన్నబోతారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూర్చున్నాను. తొమ్మిదేళ్లు ఎవరెవరి కార్లో మెరిపించిన మా తమ్ముడు ఇప్పటిదాకా సొంతంగా ఒక స్కూటీ కొనలేదు.

రాత్రి అన్నం పెట్టి ఒకటే అడిగాను. "కోటింగ్ మీకు ముచ్చటైతే వేయించుకోండి. నా చీటీ లక్షలో అది తీసుకోండి. కాని ఆ 1,900 కూడ కట్టండి. అక్క గాజులు నేను చూసిన."

ఆయన మాట్లాడలేదు. పెరుగన్నం సగంలో లేచారు. పొద్దున్నే కామారెడ్డి పోయారు. సాయంత్రం వచ్చి కాగితం టీవీ పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయారు. కోటింగ్ కొట్టేసి ఉంది. ఇంజన్ ప్రొటెక్షన్ రాసి ఉంది. కోటింగ్ కోసం కట్టిన 5,000 అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదట, సీటు కవర్లలో కలిపారట. ఆ సీటు కవర్లు అంత ధర చెయ్యవు. అది నేను అనలేదు.

దసరా రోజు కారు వచ్చింది. మంగళవారం చూసి ఇసన్నపల్లి కాలభైరవ స్వామి గుడికి తీసుకుపోయాం. అత్తమ్మ ముందు సీట్లో, ఒళ్లో కొబ్బరికాయ. బానెట్ మీద పసుపు, కుంకుమ, నూనె కలిపి బొట్లు పెట్టారు. కోటింగ్ వేయించి ఉంటే వారం దాకా నీళ్లు కూడా తగలొద్దనేవారట, ఇక నూనె బొట్టు మాట చెప్పేదేముంది? అత్తమ్మ ఊరుకునేదా? "కొత్త బండికి బొట్టు పెట్టకుంటే ఎట్ల బిడ్డ" అని అక్కడే ఇంకో యుద్ధం అయ్యేది. తెల్ల రంగు మీద పసుపు మరక ఒకటి ఇంకా లేతగా ఉంది.

పది రోజులు గడవకముందే కోతులు దిగాయి. మా వాడకట్టులో కోతుల బాధ మీకు ఎంత చెప్పినా తక్కువే. గోడ మీంచి కారు మీదికి, కారు మీంచి జామచెట్టు మీదికి. డ్రైవర్ తలుపు మీద జానెడు గీత. మావారు దాన్ని వేలితో తడుముతూ నా వైపు చూశారు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. ఫోటో తీసి తమ్ముడికి పంపాను. "గది ఏ కోటింగ్‌కు ఆగదు, గోరు లోపలి దాక పోయింది" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. దాన్ని ఆయనకు వినిపించాలనుకుని, వంటింట్లోకి పోయి ఒక్కదాన్నే విన్నాను. ఇప్పుడు కారుకు గుడ్డ కవర్ కొన్నాం. ఆదివారం ఆదివారం ఆయన, పిల్లాడు రెండు బకెట్లు పెట్టుకుని కడుగుతారు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఒకదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్లు. నీడలోనే కడగాలి, వెంటనే తుడవాలి. ఆ పద్ధతి ఎవరు చెప్పారో ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. బావా బామ్మర్దులు ఫోన్లో మాట్లాడుకుంటున్నారని మాత్రం తెలుసు.

అక్టోబర్ నెలాఖరులో తుపాను వానలు పట్టాయి. కోసిన వడ్లు తడిసి ఊరంతా దిగులు. ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే పక్కన ఆయన లేరు. వాకిట్లో కారు కూడా లేదు. గుండె జారిపోయింది. అరగంటకు గొడుగుతో, మోకాళ్ల దాకా బురదతో నడుచుకుంటూ వచ్చారు. బడి దగ్గర గడ్డ మీద పెట్టి వచ్చారట.

"ఇన్సూరెన్స్ ఉంది కదా" అన్నాను.

"ఉంటే ముంచుతమా?" అని తువ్వాల అందుకున్నారు.

తెల్లారి కారు తెచ్చినప్పుడు దాని నిండా వేపాకులు, బురద చుక్కలు. లోపల స్టీరింగ్ పక్కన ఒక కాగితం అంటించి ఉంది. పిల్లాడి కోసం రాసింది. "నీళ్లల్ల మునిగితే కీ తిప్పకు. నాకు ఫోన్ చెయ్." కింద మావారి నంబరు, దాని కింద మా బావ నంబరు.