చిట్కా ఎక్కడ దాచాలి?

నాచారంలో సావనీర్ ప్రూఫు కోసం కూర్చున్నా. అను ఫాంట్లకు అలవాటైన డీటీపీ తమ్ముడు యూనికోడ్ తెలుగును ఇన్‌డిజైన్‌లో పేస్ట్ చేశాడు. ఒత్తులు పడలేదు, అక్షరాలన్నీ పొల్లులతో పక్కపక్కన నిలబడ్డాయి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టమన్నా. కుదిరింది.

"అన్నా, ఇది మా వాట్సాప్ గ్రూపుల పెట్టరాదు" అన్నాడు.

పెడతా. రేపటికల్లా గుడ్ మార్నింగ్ పూల కింద పడిపోతుంది కదా! వికీపీడియా విజ్ఞాన సర్వస్వం, ఇలాంటి వాడకం పాఠాలకు చోటు కాదు. పాఠ్యపుస్తకాలు రాసుకునే తెలుగు వికీబుక్స్ నయం: వెతికితే దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్ మారితే ఎవరైనా దిద్దొచ్చు. జనసంచారం మాత్రం అర్ధరాత్రి ఉప్పల్ మెట్రో స్టేషనంత.

ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర తేల్చుకున్నా. పాఠం వికీబుక్స్‌లో, లింకు గ్రూపులో. ఇంటికొచ్చేసరికి తమ్ముడి మెసేజ్: "స్క్రీన్‌షాట్ లేదా అన్నా?"