పాయింట్లున్నాయి సరే... గది ఖాళీ ఉందా?

సంక్రాంతికి మీ అభిమాన హీరో సినిమా విడుదలవుతోందనుకోండి. జేబులో డబ్బుంది. సినిమా చూడాలనే ఉత్సాహం గుండెలనిండా ఉంది. అయితేనేం? బుకింగ్ కిటికీ దగ్గర మీకంటే ముందొచ్చినవాళ్లు బారులు తీరి ఉన్నారు. మీ వంతు వచ్చేసరికి ఠకీమని 'హౌస్‌ఫుల్' బోర్డు పడుతుంది. డబ్బుండటం వేరు, సీటుండటం వేరు!

అచ్చం ఇదే సూత్రం మీద ఓ పెద్ద విడిది వ్యవహారం అమెరికాలో నడుస్తోంది. సభ్యత్వం ఉంటుంది, ఖాతానిండా పాయింట్లుంటాయి. అయినా గది దొరకాలంటే కిటికీ తెరిచే వేళకి ముందు వరసలో ఉండాల్సిందే. 2024 సెప్టెంబరులో అమ్మానాన్నలతో కలిసి ఆ ముచ్చటంతా దగ్గరుండి చూశాను. అమెరికాలో అక్కాబావలున్నవాళ్లకీ, రేపో మాపో వెళ్లబోయేవాళ్లకీ పనికొస్తుందని ఈ కథనం.

ఇంతకీ ఊరేదంటారా? ఫ్లోరిడా రాష్ట్రంలో ఆర్లాండో. అక్కడికి దగ్గర్లోనే వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. మిక్కీ మౌస్‌ని మనకిచ్చిన వాల్ట్ డిస్నీ 1966లోనే కన్నుమూశాడు. 1971 అక్టోబరు 1న దాని తలుపులు తెరిచి, తమ్ముడి పేరు పెట్టినవాడు అన్న రాయ్ డిస్నీ. సుమారు 25 వేల ఎకరాల స్థలం! నాలుగు పెద్ద పార్కులు, చెరువులు, అడవులు, వాటి మధ్య బోలెడు హోటళ్లు. తిరిగి తిరిగి కాళ్లు పీకుతాయేగాని చోటు తరగదు.

ఆ హోటళ్లలోనే కొన్ని భవనాలు 'డిస్నీ వెకేషన్ క్లబ్' సభ్యులకని కేటాయించారు. 1991లో మొదలైందీ క్లబ్. బావగారు 2015లో అందులో సభ్యులయ్యారు. ఒక్కసారి పెద్దమొత్తం కట్టి కొన్ని పాయింట్లు కొనుక్కోవాలి. అన్ని పాయింట్లూ ఏటేటా ఖాతాలో వచ్చి పడతాయి. వాటితో గది రాత్రులు కొనుక్కోవచ్చు. భవనాల మరమ్మతులకీ, నిర్వహణకీ ప్రతి ఏడాదీ పాయింటుకింత చొప్పున విడిగా రుసుము కట్టాలి. మీరు వెళ్లినా వెళ్లకపోయినా అది మాత్రం తప్పదు. పైగా ఇది తరతరాల ఆస్తేమీ కాదు. మొదటి భవనాల ఒప్పందాలు చాలావరకు 2042 జనవరితో సరి. తర్వాతవాటికి మరికొన్నేళ్లు.

నేల, కుర్చీ, బాల్కనీ

అన్ని రాత్రులకీ ఒకే ధర ఉండదు. మన సినిమా హాల్లో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఉండేవి చూడండి, అలాగన్నమాట! ఒక్క గదే ఉన్న 'స్టూడియో' చవక. వంటిల్లూ, బట్టలుతికే యంత్రమూ ఉన్న 'వన్ బెడ్‌రూమ్' కావాలంటే దాదాపు రెట్టింపు పాయింట్లు వదిలించుకోవాలి. ఆపైన రెండు పడగ్గదులు, మూడు పడగ్గదులు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నదానికి కూడా ధరే! కార్లు నిలిపే స్థలం కనిపిస్తే ఒక ధర, చెరువు కనిపిస్తే ఇంకో ధర, రాత్రి బాణసంచా కనిపిస్తే మరో ధర.

రోజుని బట్టి కూడా తేడానే. శుక్ర, శనివారం రాత్రులు ఎక్కువ. ఆదివారం నుంచి గురువారం దాకా తక్కువ. క్రిస్మస్ వారం సరేసరి, అగ్ర హీరో సినిమా మొదటి రోజు ధర. బడులు తెరిచి, ఎండా వానా కలిసి దంచే సెప్టెంబరు బాగా చవక. జూన్ నుంచి నవంబరు దాకా ఆ ప్రాంతంలో తుపానుల కాలం మరి!

ఇందులో సభ్యులకి ఓ రక్ష ఉంది. ఏ రాత్రికెన్ని పాయింట్లో తెలిపే పట్టికని క్లబ్బువాళ్లు మార్చొచ్చు. కాని ఒక రోజుకి పెంచితే ఇంకో రోజుకి తగ్గించాల్సిందే. ఏడాది మొత్తానికి కూడిక మారకూడదు.

పదకొండు నెలల ముందే!

అసలు కథ ఇక్కడుంది. సభ్యుడు ఏ భవనంలో పాయింట్లు కొంటే అది అతని 'సొంత' విడిది. అక్కడి గదులు 11 నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. మిగతా విడుదులకి మాత్రం 7 నెలల ముందే కిటికీ తెరుస్తారు. అంటే నాలుగు నెలలపాటు ఆ ఇంటివాళ్లు కావలసినవన్నీ ఏరుకున్నాక, మిగిలినవి బయటివాళ్లకన్నమాట. బావగారి సొంత విడిది సరటోగా స్ప్రింగ్స్. చాలా పెద్దది కాబట్టి గది దొరకడం అంత కష్టం కాదు.

నాన్న కోరిక మాత్రం వేరు! ఆయన గుడివాడ డిపోలో ఆర్టీసీ కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అక్క ఫోనులో ఏదో వీడియో పంపింది. అందులో హోటల్ గది బాల్కనీ ముందునుంచి ఓ జిరాఫీ తాపీగా నడిచిపోతోంది. "అమ్మాయ్, వస్తే గిస్తే ఆ గదిలో ఒక్క రాత్రి పడుకోవాలే" అన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. అది యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి. అక్కావాళ్ల సొంత విడిది కాదు!

పైగా నాన్నకి మోకాలి ఆపరేషను తేదీ ఇంకా తేలలేదు. మన ఇళ్ల సంగతి తెలిసిందే కదా, ముహూర్తాలే మూడు నెలల ముందు పెట్టుకుంటాం! పదకొండు నెలల తర్వాత ఎక్కడుంటామో ఎవరు చెప్పగలరు? "ఆపరేషను అయ్యాక చూద్దాంలెండి" అంది అక్క. బావగారు ఒప్పుకోలేదు.

"31 రోజుల ముందు రద్దు చేస్తే పాయింట్లు మామూలుగానే వెనక్కి వచ్చేస్తాయి. ఇప్పుడు బుక్ చేస్తే పోయేదేముంది? చేయకపోతేనే పోతుంది" అన్నారు.

నిజమే. చివరి 30 రోజుల్లో రద్దు చేస్తేనే చిక్కు. ఆ పాయింట్లు విడిగా ఓ మూల పడతాయి. ఆ తర్వాత రాబోయే 60 రోజుల లోపు రాత్రులకి తప్ప ఎందుకూ పనికిరావు. అంత దగ్గర్లో గదులెక్కడివి?

2024 సెప్టెంబరు 8 ఆదివారం దిగాలన్నది లెక్క. అంటే 2023 అక్టోబరు 8న కిటికీ తెరుచుకుంటుంది. ఆ ఉదయం సరిగ్గా 8 గంటలకి బావగారు అట్లాంటాలో కంప్యూటరు ముందు కూర్చున్నారు. సరటోగాలో రెండు పడగ్గదుల విడిది, నాలుగు రాత్రులు. దొరికింది!

దాచుకోవచ్చు... అప్పు తేవచ్చు

ఆరుగురికి సరిపడే విడిదికి అన్ని పాయింట్లెక్కడివి? అక్కడే ఉంది కిటుకు. ఈ ఏడాది వాడని పాయింట్లని వచ్చే ఏటికి దాచుకోవచ్చు. దాన్ని 'బ్యాంకింగ్' అంటారు. చాలకపోతే వచ్చే ఏడాదివి ముందే వాడుకోవచ్చు, అది అప్పు. అయితే దాచుకోవడానికి గడువుంది. సభ్యుడి పాయింట్ల ఏడాది మొదలైన ఎనిమిది నెలల్లోగా దాచేయాలి. ఆ తర్వాత వాడితే వాడినట్టు, లేకపోతే ఏడాది చివర హారతి కర్పూరమే! అక్కావాళ్లు అంతకుముందు ఏడాది ఎటూ వెళ్లలేదు. గడువులోగా దాచిన పాయింట్లే ఇప్పుడు అక్కరకొచ్చాయి.

2024 ఫిబ్రవరి 8. ఏడు నెలల కిటికీ తెరిచే రోజు. బావగారు మళ్లీ ఉదయం 8కి హాజరు. లాడ్జిలో జంతువులు కనిపించే గదులు చూస్తే, మొదటి రెండు రాత్రులూ నిండుకున్నాయి. మూడో రాత్రి ఖాళీ! నాలుగోది మళ్లీ లేదు. ఉన్న ఒక్క రాత్రినీ పట్టేసి, నాలుగోదానికి వెయిట్‌లిస్ట్‌లో పేరిచ్చారు. సరటోగాలో మాత్రం నాలుగో రాత్రి వదులుకోలేదు. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ గది వరసప్రకారం దానంతటదే మన పేరుకి వస్తుంది.

ఈ సంగతంతా ఫోనులో విన్న నాన్న నవ్వారు. "అల్లుడుగారూ, మా బస్సులోనూ ఇంతేనండీ. పాసుంటే ఎక్కనిస్తాం. సీటు మాత్రం రిజర్వు చేసుకున్నవాడిదే!"

ఇన్ని పేజీల నిబంధనలకీ సారాంశం ఆ ఒక్క మాటే. పాయింటు అంటే గది కాదు, వరసలో నిలబడే హక్కు. అంతే!

ఏప్రిల్‌లో ఆపరేషను బాగా జరిగింది. జూన్‌లో వెయిట్‌లిస్ట్ కూడా పలికింది. నాలుగో రాత్రీ వచ్చేసింది!

బాల్కనీ ముందు జిరాఫీ

అట్లాంటా నుంచి ఏడు గంటల కారు ప్రయాణం. సరటోగాలో రెండు రాత్రులూ అమ్మ వంటిల్లు వదిలితే ఒట్టు! దోసకాయ పప్పు, చారు, అట్లాంటా నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి. "హోటల్లో కూడా వంటేనా" అని నేను విసుక్కుంటే, "మూడు పూటలా ఆ రొట్టెముక్కలు నా వల్ల కాదు నాయనా" అంది. చెప్పొద్దూ, అందరికంటే ఎక్కువ తిన్నది నేనే.

మంగళవారం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జికి మారాం. లాడ్జి 2001లో తెరిచారు. క్లబ్ సభ్యుల విడుదులు జాంబో హౌస్‌లో 2007లోనూ, పక్కనే ఉన్న కిడానీ విలేజ్‌లో 2009లోనూ వచ్చాయి. స్వాహిలీ భాషలో 'జాంబో' అంటే మన నమస్కారంలాంటి పలకరింపు. మాకు కిడానీలో గది దొరికింది. అక్కడి సనా అనే హోటల్లో ఆఫ్రికా వంటకి మన మసాలా కలిపి వడ్డిస్తారు. నాన్ రొట్టెలూ, రకరకాల పచ్చళ్లూ చూడగానే అమ్మ ముఖం వెలిగింది.

తెల్లారి ఆరున్నర. నాన్న అప్పటికే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మంచు తెరలా లేచిన ఆవిరి, దాని వెనక గడ్డి మైదానం. ముందు జీబ్రాలొచ్చాయి. తర్వాత ఓ నిప్పుకోడి. ఆ తర్వాత, కెమెరా ముందుకి నాయిక ప్రవేశించినట్టు, వయ్యారంగా జిరాఫీ! మా బాల్కనీకి ఎదురుగా ఆగి, చెట్టాకులు నమిలింది. నాన్న ఫోటో తీయమనలేదు. మాట్లాడలేదు. మేనకోడల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అలా చూస్తూనే ఉన్నారు.

కాసేపటికి పొడవాటి కొమ్ముల ఆవులు కనిపించాయి. వాటిని అంకోలే ఆవులంటారని చెప్పాను. "ఒంగోలా?" అన్నారు నాన్న. "కాదు నాన్నా, అంకోలే. ఆఫ్రికావి." "కొమ్ములు వాటివే బాగున్నాయిలే గాని, మూపురం మాత్రం మనదే" అని తీర్పు చెప్పేశారు!

లాడ్జిలో సింహాలుండవు. అవి కావాలంటే 1998లో తెరిచిన పక్క పార్కులో సఫారీకి వెళ్లాలి. 2019లో తెలుగులోకి వచ్చిన 'ది లయన్ కింగ్'లో సింబాకి నాని, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ గొంతిచ్చారు గుర్తుందా? సఫారీ బండిలో మా మేనకోడలు సింహాన్ని చూసి "సింబా" అని ఒకటే కేక!

సంతకం పెట్టేముందు

ఇంత బాగుంటే మనమూ కొనేద్దామా అంటారేమో, ఆగండి. వాటా విడుదుల పద్ధతి యూరప్‌లో 1960లలో పుట్టింది. మన దేశంలోకి 1980లలోనే వచ్చింది. "మీకు బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి రండి" అని ఫోను చేసి, హోటల్లో టీ ఇచ్చి, కొండల బొమ్మలు చూపించి, ఆ పూటే సంతకం పెట్టమనే సభలు మన నగరాల్లోనూ మామూలే. మీ నాన్నగారికి అలాంటి ఫోను వస్తే పక్కన మీరూ కూర్చోండి. నాలుగే ప్రశ్నలు అడగండి.

ఎన్ని నెలల ముందు బుక్ చేయాలి? దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో ఈ పాయింట్లకి ఎన్ని రాత్రులొస్తాయి? ఏటేటా కట్టాల్సిన రుసుమెంత, పెరిగితే ఎవరిష్టం? వాడని పాయింట్లు ఏమవుతాయి?

ఫ్లోరిడా చట్టంలో మంచి నియమం ఒకటుంది. ఇలాంటి విడిది కొన్నవాళ్లు 10 రోజుల్లోగా మనసు మార్చుకుంటే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. మీ చేతిలో పెట్టిన కాగితంలో అలాంటి గడువుందో లేదో చదివి మరీ చూడండి. ఇంకొకరి దగ్గర పాయింట్లు తక్కువకి వస్తున్నాయని ఎగబడొద్దు కూడా. ఈ క్లబ్బులోనే 2019 జనవరి 19 నుంచి అలా చేతులు మారిన పాయింట్లతో కొన్ని కొత్త విడుదులు బుక్ చేసుకునే వీలు లేదు.

ముందు చూపుండి, తేదీలు గుర్తుపెట్టుకుని, పొద్దున్నే ఎనిమిదింటికి లేచి కూర్చునే ఓపిక ఉన్న కుటుంబానికి ఇది బంగారం. "చూద్దాంలే" అనే కుటుంబానికి మాత్రం ఏటా రుసుము కట్టి హౌస్‌ఫుల్ బోర్డు చూడటమే మిగులుతుంది. మీ ఇల్లు ఏ రకమో మీకే తెలుసు. సెలవులు ఎప్పుడో ముందు కేలండరులో చూసి, ఆ తర్వాత కలం తీయండి!