మోదెనాలో నల్ల నేత

ఉదయం రైలు దిగి మోదెనా ఊళ్లోకి నడిచాను. 1898లో ఎంజో ఫెరారీ పుట్టిన ఊరు కదా, అడుగడుగునా ఇంజన్ల మోతే అనుకున్నాను. వినిపించినవన్నీ సైకిల్ బెల్లులే! వీధులకు రెండు వైపులా వసారాలు. అన్నీ ఒకేలా ఉండి మూడుసార్లు దారి తప్పాను. మంగళగిరిలో గాలిగోపురం చూసి ఇల్లు వెతుక్కున్న అలవాటు ఇక్కడ పనికొచ్చింది. ఒకవైపు కాస్త ఒరిగిన గిర్లాందీనా గంటగోపురాన్ని ఆనవాలు పెట్టుకుని ఊరి చివర ఉన్న కార్ల వర్క్‌షాపుకి చేరాను.

లోపల ఎర్రటి డి టొమాసో పాంటెరా. 1971 నుంచి ఈ ఊరి కంపెనీ అమ్మిన కారే. ఉక్కు బానెట్ అంచులు తుప్పు తినేశాయి. దాని స్థానంలోకి కార్బన్ ఫైబర్ బానెట్ తయారవుతోంది. పాత బానెట్‌కి మైనం పూసి దాని మీదే అచ్చు తీశారట.

పెద్ద మేస్త్రీ ఫ్రీజర్ తెరిచాడు. మైనస్ 18 డిగ్రీల చలిలో నల్లటి గుడ్డ చుట్ట! నేతలో ముందే రెజిన్ పట్టించి ఉంటుంది. బయట వదిలేస్తే మెల్లగా గట్టిపడిపోతుంది. ఇడ్లీ పిండి పులిసిపోకుండా మనం ఫ్రిజ్‌లో పెట్టమూ, అలాగే. చలి వదిలేదాకా చుట్ట విప్పరు. విప్పితే గుడ్డకి చెమ్మ పడుతుంది.

విప్పాక నా కళ్లు నిలిచిపోయాయి. పడుగూ పేకా! రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా ఏటవాలు నేత. ఒక్కో పోగులో 3,000 దారాలు, ఒక్కో దారం సుమారు 7 మైక్రాన్లు. బలమంతా దారం సాగిన దిక్కులోనే ఉంటుంది కాబట్టి ఒక పొర నిలువుగా, తర్వాతది 45 డిగ్రీల వాలుగా పరుస్తారు. తొడుగులు వేసుకున్న వేళ్లతో మేస్త్రీ మూలమూలా నొక్కుతుంటే అమ్మమ్మ గుంటమగ్గం ముందు కూర్చున్నట్టే ఉంది. ఉన్నట్టుండి ఒక ముక్క పక్కన పడేశాడు. ఎందుకో నా కంటికి ఆనలేదు.

మధ్యాహ్నం తోర్తెల్లీని తిన్నాను. వేలికొనంత కజ్జికాయలు వేడి చారులో తేలుతున్నట్టుంటాయి. మీరు వెళ్తే లోపల పంది మాంసం ఉంటుందని గుర్తుంచుకోండి. ఇక్కడి సంప్రదాయ బాల్సమిక్ వెనిగర్‌ని కనీసం 12 ఏళ్లు చెక్క పీపాల్లో ఊరబెడతారు. మన ఆవకాయ జాడీకి అంత ఓపిక లేదు.

సాయంత్రం అచ్చుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలంతా లాగేసి, ఆటోక్లేవ్‌లోకి తోశారు. అదొక గదంత కుక్కరు. మన వంటింటి కుక్కరులో ఒత్తిడి బయటికన్నా ఒక బార్ ఎక్కువ. ఇక్కడ ఆరు, వేడి దాదాపు 120 డిగ్రీలు.

మర్నాడు బానెట్ అచ్చునుంచి టక్కున ఊడింది. అదే మందం ఉక్కు బరువులో అయిదో వంతే; ఒంటిచేత్తో ఎత్తాను. అంచులు కోసే గదిలోకి మాత్రం మాస్కు లేకుండా వెళ్లకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది, ఒంటికీ గుచ్చుకుంటుంది.

వెళ్లొస్తానంటూ ఫోన్‌లో అమ్మమ్మ మగ్గం ఫొటో చూపించాను. మేస్త్రీ ఆవిడ వేళ్లనే చాలాసేపు చూశాడు. నిన్న పక్కన పడేసిన ముక్కని బానెట్‌తో పాటే ఉడికించి ఉంచాడు. అది నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి అమ్మమ్మకిచ్చాను. వెలుగులోకి వంచి, గోటితో ఒకచోట తడిమింది.

"ఇక్కడ పోగు జరిగింది రా" అంది.