ముచ్చుమర్రి కంకర బాటలో

మా నాన్నగారికి ఎనభై దాటాయి. ఏటా వేసవిలో ఒకే మాట అడుగుతారు: "నీళ్లు తగ్గాయా? మా అబ్బా ఖబ్రు బయటపడిందా?" 1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిన కృష్ణాతీర గ్రామాలలో వారి ఊరూ ఒకటి.

ఈసారి ఫజ్ర్ నమాజు కాగానే మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని పగిడ్యాల నుండి సైకిళ్లపై ముచ్చుమర్రి వైపు బయలుదేరాము. కొంతదూరం పోయాక తారురోడ్డు వదిలి కంకర బాట పట్టాము. ఇది ఎండాకాలపు బాటే; వాన పడితే నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ కరుచుకుంటుంది, ఇక సైకిలే మన భుజానికెక్కుతుంది.

కంకరపై చక్రం జారుతుంటే మేనల్లుడు టైర్లలో కొంత గాలి తీశాడు. ఫ్రాన్సు పల్లెల్లో ఇటువంటి బాటలకే వెడల్పు టైర్ల సైకిళ్లు వాడతారని, 1681లో పూర్తయిన మిదీ కాలువ గట్టు వెంట రోజుల తరబడి సాగుతారని చెప్పాడు. మన కె.సి. కాలువను కూడా పంతొమ్మిదవ శతాబ్దంలో సేద్యానికే గాక పడవల రాకపోకలకూ తవ్వారని మేము గుర్తుచేశాము. ఆ గట్టుపై విహారానికి వచ్చినవారిని మాత్రం మేమెన్నడూ చూడలేదు.

ఒడ్డు చేరేసరికి ఎండ ముదిరింది. నీరు వెనక్కు తగ్గి బురద నెర్రెలిచ్చింది. దూరాన ఒక రాళ్ల కుప్ప. గోడో, సమాధో పోల్చుకోలేకపోయాము.

"మామూ, నానాకు ఏమని చెబుదాం?"

అక్కడే నిలబడి దుఆ చేశాము. ఇంటికి వచ్చి చూసినదే చెప్పాము. "దానికి పడమట చింతమొద్దు ఉందా?" అని నాన్నగారు లేచి కూర్చున్నారు. మేము చూడలేదు. శుక్రవారం మదరసాకు సెలవు; మళ్లీ వెళ్తున్నాము.