వెనకాల నిలబడ్డోళ్ళు

మావాడికి పన్నెండేళ్ళు. వాడి దృష్టిలో నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని జీతం తెచ్చే మనిషినే గానీ, ఆటల గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. ఇన్నేళ్ళుగా కోడ్ రాస్తున్నానన్న గౌరవం కూడా ఇంట్లో లేదనుకోండి, అది వేరే సంగతి :)

అమెరికాలో ఉండే మా తమ్ముడు వచ్చినప్పుడు వాడికి ఒక నింటెండో స్విచ్ తెచ్చాడు. దాంతో పాటు 2018 డిసెంబర్లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్. తెలియనివాళ్ళ కోసం: ఇది క్రాసోవర్ ఫైటింగ్ గేమ్. మన మల్టీస్టారర్ సినిమా లాంటిదన్న మాట. కాకపోతే ఇక్కడ ప్రతి హీరో తన సొంత సినిమాలో వేషంతోనే, తన ఊరిని కూడా మోసుకుని వస్తాడు. ఆ ఊరే "స్టేజి". విడుదలైనప్పుడే ఇందులో వందకి పైగా స్టేజీలున్నాయి.

మావాడికి కొట్లాట కంటే ఆ స్టేజీల మీదే పిచ్చి. "డాడీ, ఆగు, వెనకాల చూడు" అని గేమ్ ఆపేసి మరీ పాఠం చెప్తాడు. గడ్డిలోంచి ఒక కుక్క తల పైకెత్తిందంటే, అది 1984 నాటి డక్ హంట్ ఆటలో బాతుల్ని పట్టే కుక్క. ఈ పిచ్చి ఒక్క గేముతో ఆగలేదు. 2011లో వచ్చిన అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3లో ఒక పాడుబడ్డ నగరం స్టేజి ఉంది. దాని గోడ మీద హీరోల బొమ్మలు, వాటి మీద "పట్టుబడ్డాడు", "చంపబడ్డాడు" అని ముద్రలు. అది 1981 జనవరి నాటి ఎక్స్‌మెన్ 141వ సంచిక ముఖచిత్రానికి నకలట. ఇవన్నీ వాడు పుట్టకముందువి. యూట్యూబు పుణ్యమా అని వాడికి కంఠతా వచ్చు. నేను "ఓహో" అంటూ తల ఊపుతుంటాను.

అట్లా ఒక ఆదివారం ఆడుతుంటే ఒక స్టేజి వచ్చింది. పెద్ద స్టేడియం. వెనకాల వరసగా కొంతమంది నిలబడి ఆట చూస్తున్నారు. మావాడు మొదటిసారి తడబడ్డాడు. "వీళ్ళెవరో నాకు తెలీదు డాడీ" అన్నాడు.

నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. "అరే! ఎర్రజుట్టోడు! అగ్గిగాడు! మిలిటరీ బావలు!"

వాడు నన్ను చూసిన చూపు... ఏ అప్రైజల్లోనూ ఏ మేనేజరూ నన్ను అట్లా చూడలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా బాపు బడిపంతులు. నా బాల్యం కొంత జనగామలో, కొంత మానుకోటలో (అదే, మహబూబాబాద్) గడిచింది. వేసవి సెలవులకి భూపాలపల్లి. మా మామయ్య అక్కడ సింగరేణిలో పనిచేసేవాడు. అప్పట్లో ఇవన్నీ వరంగల్ జిల్లానే. 2016 అక్టోబర్లో మూడూ మూడు జిల్లాలయ్యాయి.

జనగామలో బస్టాండు దగ్గర ఒక రేకుల షెడ్డు ఉండేది. లోపల నాలుగు వీడియో గేమ్ డబ్బాలు, ఒక్క ఫ్యాను, ఆ ఫ్యాను గాలి షాపు ఓనరుకి మాత్రమే. రూపాయి బిళ్ళకి ఒక ఆట. ఒక డబ్బాలో "ముస్తఫా". దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని ఉద్యోగంలో చేరాక గానీ నాకు తెలీలేదు. ఇంకో డబ్బాలో "నైంటీ సెవెన్", అంటే కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97. మేం మానుకోటకి మారినా అక్కడా అదే డబ్బా దొరకడంతో, కొత్త ఊరు కొత్తగా అనిపించలేదు నాకు.

అందులో వాళ్ళ పేర్లు ఇంగ్లీషులో రాసే ఉండేవి. కానీ చదివే తీరిక ఎవడికి? ఇయోరి మాకు ఎర్రజుట్టోడు. క్యో అగ్గిగాడు. టెర్రీ బొగార్డ్ టోపీగాడు. ఇనుప గుండు తిప్పే చాంగ్ గుండోడు. రాల్ఫ్, క్లార్క్ ఎప్పుడూ కలిసే ఉంటారు కాబట్టి మిలిటరీ బావలు.

మాకు తెలియని సంగతి ఏమిటంటే, అది కూడా క్రాసోవరే. ఆ మిలిటరీ బావలు 1986లో వచ్చిన ఇకారి వారియర్స్ అనే తుపాకుల ఆటలోంచి వచ్చారు. అథెనా, సైకో సోల్జర్ అనే ఇంకో ఆటలోంచి. టోపీగాడు 1991 నాటి ఫాటల్ ఫ్యూరీ హీరో. వీళ్ళందర్నీ ఎస్‌ఎన్‌కే కంపెనీ 1994లో ఒక్క గూటికి చేర్చింది. ఆ పాత ఆటలేవీ జనగామ దాకా రాలేదు, కనీసం మా రేకుల షెడ్డు దాకా రాలేదు. మాకు సంబంధించినంత వరకు వీళ్ళంతా ఆ డబ్బాలోనే పుట్టారు. స్టేజీ వెనక నిలబడి కేకలేసే జనం మాకు జనమే. వాళ్ళలో ఎవరైనా ఫలానా అని అనుకుని చూసింది లేదు.

సరే, స్టేడియం దగ్గరికొద్దాం. 2019 నవంబర్లో టెర్రీని స్మాష్‌లోకి తెచ్చినప్పుడు, వాడితో పాటు వచ్చింది ఈ కింగ్ ఆఫ్ ఫైటర్స్ స్టేడియం. క్యో, ఇయోరి, అథెనా, రాల్ఫ్, క్లార్క్, ఇంకా చాలామంది అందులో ఆడరు, వెనక నిలబడతారు. మిగతా స్టేజీల్లో అంచు దాటితే కింద పడిపోతాం. ఇక్కడ మాత్రం రెండు వైపులా కనపడని గోడలు. ఎందుకంటే పాత డబ్బాలో స్క్రీను చివరికి పోతే గోడే కదా! ఇవన్నీ చెప్తుంటే మావాడు నోరు తెరుచుకుని విన్నాడు. మై షిరనూయి అనే అమ్మాయి కూడా ఉండాలే అని వెతికాను, లేదు. స్మాష్ చిన్నపిల్లలు కూడా ఆడే ఆట కాబట్టి ఆమెని పెట్టలేదని దర్శకుడు సకురాయ్ చెప్పాడని మావాడే వెతికి చెప్పాడు. ఆమె బట్టలు గుర్తున్నవాళ్ళకి కారణం అర్థమవుతుంది, నేను వివరించను :)

ఆ రాత్రి నాకు ఒక ఆలోచన వచ్చింది. రిఫరెన్స్ అంటే మన భాషలో పాయింటరే కదా. దానిలో సరుకేమీ ఉండదు, సరుకు ఉన్న చోటుని చూపిస్తుంది అంతే. ఆ సరుకు బొమ్మలో లేదు, నా బుర్రలో ఉంది, రూపాయి బిళ్ళలు పోసి కొనుక్కున్నది. మావాడి దగ్గర అది లేదు, అందుకే అదే బొమ్మ వాడికి నల్ పాయింటర్. పక్కన నేనుండబట్టి సరిపోయింది. లేకపోతే అది ఒట్టి జనం.

ఇంతవరకు బానే ఉంది, నేను హీరోని. అసలు కథ మొన్న దసరా సెలవుల్లో జరిగింది.

భూపాలపల్లి వెళ్ళాం. అక్కణ్ణుంచి పాలంపేట, రామప్ప గుడికి. (పాలంపేట 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా.) 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో జాబితాకెక్కింది. ఈ మాత్రం నాకూ తెలుసు, బోర్డు మీద ఉంటుంది. గర్భగుడి ద్వారం దగ్గర గోపికల వస్త్రాపహరణం చూసి మావాడు "శివుడి గుళ్ళో కృష్ణుడేంటి డాడీ?" అన్నాడు. "క్రాసోవర్ రా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత స్తంభాల మీద చిన్న చిన్న బొమ్మల వరస. ఆడేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు. మావాడు వేలు పెట్టి చూపించి "వీళ్ళెవరు?" అన్నాడు. స్టేడియం ముందు అడిగిన ప్రశ్నే, అదే గొంతు.

"డాన్సర్లు" అన్నాను.

"అది కనిపిస్తూనే ఉంది డాడీ. ఎవరూ అని."

నా దగ్గర ఏమీ లేదు. సిగ్గుచేటు ఏమిటంటే, ఒకప్పుడు ఉండాల్సింది. తొమ్మిదో తరగతి సెలవుల్లో బాపు నన్ను ఇదే గుడికి తీసుకొచ్చి, ఒక్కో స్తంభం దగ్గర ఆగి అరగంట చొప్పున చెప్పాడు. నేను ఎండలో నిలబడి జేబులో రెండు రూపాయి బిళ్ళలు తడుముకుంటూ "బాపూ, ఎప్పుడు పోదాం?" అని అడిగింది ఒక్కటే గుర్తుంది. నాలుగోసారి అడిగాక ఆయన చెప్పడం ఆపేశాడు. కోప్పడలేదు. "సరే, పోదాం పా" అన్నాడు అంతే.

మోకాళ్ళు సహకరించక బాపు ఇప్పుడు మానుకోటలోనే ఉంటున్నాడు. వీడియో కాల్ చేశాను. మావాడు ఫోను పట్టుకుని స్తంభం స్తంభం చూపించడం, ఆయన కళ్ళజోడు సవరించుకుని చెప్పడం. "అగో, ఆ మద్దెలోని పక్కకి జరుపు బిడ్డా. కాలు ఎట్ల ఎత్తిండో చూసినవా? గది పేరిణి."

పక్కనే ఎవరో, ఈ బొమ్మలన్నీ జాయప సేనాని నృత్తరత్నావళి చూసి చెక్కారని వాళ్ళవాళ్ళకి చెప్తున్నారు. నాలో ఇంజనీరు లేచాడు. జాయపుడు గణపతిదేవుడి దగ్గర ఏనుగుల దళానికి అధిపతి. ఆ పుస్తకం 1253-54 ప్రాంతంలో రాశాడు. గుడేమో 1213. కమిట్ తేదీలు చూస్తే పుస్తకం నలభయ్యేళ్ళు వెనక! బాపుని అడిగాను.

"పుస్తకం జూసి చెక్కలేదురా. ఆట జూసి చెక్కిండ్రు. ఆట జూసే ఆయనా పుస్తకం రాసిండు. ఆట పోయింది, ఇవి రెండే మిగిలినయి. ఈ రెంటిని పక్కపక్కన పెట్టుకొనే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళ లేపిండు."

నేను ఏం మాట్లాడలేకపోయాను. ముందు నిలబడి ఆడినవాళ్ళు వందల ఏళ్ళ కిందట పోయారు. వెనకాల బొమ్మలుగా నిలబడ్డోళ్ళ వల్ల ఆట బతికింది. కానీ వాటిని ఆటగా చదవగలిగిన ఒక మనిషి రావాల్సి వచ్చింది. మా జనగామ రేకుల షెడ్డు కూడా ఇప్పుడు లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

తిరుగు ప్రయాణంలో గణపురం కోటగుళ్ళ దగ్గర ఆగాం. (స్టేషన్ ఘన్‌పూర్ కాదండోయ్, అది జనగామ వైపు. ఇది భూపాలపల్లి జిల్లా గణపురం.) రామప్ప అంత జనం లేరు. అక్కడ ఒక బొమ్మ, సింహం మీద స్వారీ చేస్తున్నవాడు, వాడి తలేమో గుర్రం తల. మళ్ళీ బాపుకి చూపించాం. ఆయన చాలాసేపు చూశాడు.

"దీని సంగతి మా సారు చెప్పిండు బిడ్డా, నేను చదువుకునే రోజుల్ల. ఏందో... మర్చిపోయిన."

అని ఊరుకున్నాడు. ఇంతలో సిగ్నల్ పోయింది. అంతసేపు గలగలా చెప్పిన మనిషి, అక్కడ ఆగిపోవడం నాకు కలుక్కుమంది. తొమ్మిదో తరగతిలో నేను నాలుగోసారి అడగకుండా ఉంటే, ఆ రోజు ఆయన దీని దగ్గర కూడా ఆగి చెప్పేవాడేమో. అప్పటికి ఆయనకి గుర్తుండేదేమో.

మావాడు ఫోటో తీసుకుని, ఫోనులో దాని కింద ఒక పేరు టైపు చేసుకున్నాడు: గుర్రంతలోడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వాడు స్మాష్ ఆపి తాతకి ఫోను చేసి ఒక ఫోటో చూపిస్తున్నాడు. నేను పక్కన కూర్చుని రాసుకుంటున్నాను, ఈసారి "ఎప్పుడు పోదాం" అనకుండా. మీలో ఎవరికైనా ఆ సింహం మీది మనిషి అసలు పేరు తెలిస్తే చెప్పండి. అప్పటిదాకా మా ఇంట్లో వాడు గుర్రంతలోడే.