ఖరగ్‌పూర్ నేలలో విశాఖ పాము

ఖరగ్‌పూర్ అనగానే రైలు ప్రయాణికులకు స్ఫురించేది 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం. ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న ఖ్యాతిని అది చిరకాలం నిలుపుకొన్నది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి తరలివెళ్ళిన ఎన్నో కుటుంబాల వారసులు నేటికీ అచ్చటనే స్థిరపడి ఉన్నారు. రైల్వే కాలనీలలో తెలుగు పలుకు వినబడుతూనే ఉంటుంది.

పట్టణ పరిసరాలలో ఎర్రని కంకర నేల, దానిపై సాలవృక్షాల అడవులు కనువిందు చేస్తాయి. తొలకరి కురిసిన పిదప ఆ నేలలోని ఆకుల కుళ్ళు నుండి, క్వార్టర్ల పూలకుండీల నుండి వానపామును పోలిన సన్నని నల్లని ప్రాణి వెలికి వస్తుంది. అదియే గుడ్డిపాము. బెంగాలీలు దీనిని ‘పుంయే సాప్’ అంటారు.

ఈ పాముకు మన విశాఖతో అనుబంధం కలదు. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన గ్రంథంలో విశాఖపట్నం నుండి దీనిని వర్ణించి, ‘రెండు తలల పాము’ అన్న తెలుగు పేరునే నమోదు చేశాడు. దాని ఆధారంగానే 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. నేడు మనం ఆ పేరుతో పిలిచే లావుపాటి ఇసుకపాము వేరు.

ఈ జాతిలో మగపాములు లేవు. ఆడపాము ఒంటరిగానే గుడ్లు పెట్టగలదు. కనుక కుండీ మట్టిలో ఒక్కటి చేరినా చాలు, కొత్త దేశంలో సంతతి వృద్ధి చెందుతుంది. ఆ విధంగా ఇది ఖండాంతరాలకు వ్యాపించింది.

గుర్తించుట సులభం. పొడవు జానెడు మించదు. ఒంటిపై చారలుండవు. వానపాముకుండే ఉంగరాల వంటి గీతలకు బదులు నున్నగా మెరిసే పొలుసులుంటాయి. కళ్ళు పొలుసుల క్రింద చుక్కలవలె కనబడతాయి. తలా తోకా ఒకేలా ఉన్నా, తోక చివర చిన్న ముల్లు ఉంటుంది. చీమల, చెదల గుడ్లు, లార్వాలు దీని ఆహారం. విషం లేదు, మనిషికి హాని లేదు.

అయితే పిల్ల కట్లపామును చూచి గుడ్డిపామని భ్రమపడరాదు. నల్లని ఒంటిపై సన్నని తెల్లని అడ్డచారలున్నా, జానెడు కంటే పొడవున్నా, పిల్లలను వెంటనే దూరంగా తీసుకుపోవాలి. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కాటువేస్తుంది. నొప్పి, వాపు లేకపోయినా ప్రాణాపాయం కలదు. మంత్రగాని కొరకు కాలయాపన చేయక, విషానికి విరుగుడు మందు లభించే ఆసుపత్రికి తరలించాలి.

ఏ పామో నిశ్చయించుకొనలేనప్పుడు చేతితో తాకకుండుటయే క్షేమం. గుడ్డిపామని తేలితే దాని మానాన దానిని పోనిద్దాం. చెదలను తిని మేలు చేసే ఆ అల్పప్రాణి ఖరగ్‌పూర్‌లోని మనవారికి ఊరి చుట్టమే కదా!